పాము ముఖం చూసి జబ్బు చెప్పడం ఎలా

పిల్లాడు పుట్టినరోజుకి కుక్కపిల్ల కావాలన్నాడు. రోజూ బయట ఎవరు తిప్పుతారన్నారు మీరు. పోనీ పిల్లి అన్నాడు. సోఫా చిరిగిపోతుందన్నారు. నెల రోజులు నలిగిన ఆ బేరం చివరికి పాము దగ్గర తెగింది. ఇప్పుడు టెక్సాస్‌లోని మీ ఇంట్లో, పూజ గదిని ఆనుకున్న గదిలో, నాలుగడుగుల గాజుపెట్టెలో ఒక బాల్ పైథాన్ కాపురం పెట్టింది. ఘనా, టోగో, బెనిన్ వైపు గడ్డిభూముల్లో బతికే జాతి. కొండచిలువల్లో పొట్టిది. విషం లేదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. సరిగ్గా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్ళు బతుకుతుందని దుకాణంవాడు చెబుతున్నప్పుడు మీరు ధర చీటీ చదువుతున్నారు కాబట్టి ఆ మాట చెవిన పడలేదు.

ఇక మీకు కావలసింది దాని ఒంట్లో బాగుందో లేదో పసిగట్టే విద్య. పాముల డాక్టర్ల పద్ధతి ఒకటుంది, మహా నెమ్మది: బరువు తూచాలి, తేదీ రాయాలి, పెట్టెలో వేడి కొలవాలి, తేమ కొలవాలి. మా పద్ధతిలో ఈ గుమాస్తాగిరీ లేదు. పాము ముఖంలోకి చూస్తే చాలు. దానికి కనురెప్పలు లేవు, కనుబొమలు లేవు, నవ్వడానికీ ఏడవడానికీ కావలసిన సరంజామా ఏదీ లేదు. అదే మనకు కలిసొచ్చే విషయం. మీరు ఏం అనుకుంటే అదే ఆ ముఖంలో కనిపిస్తుంది.

మిగతాదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. మామూలు విషయానికి ఇల్లెక్కి అరవాలి. నిజంగా అరవాల్సిన విషయానికి "అది దాని అలవాటులే" అనాలి.

తిండి మానేస్తే

ముందు దీంతో మొదలుపెడదాం. ఎందుకంటే బాల్ పైథాన్ ఇంటికొచ్చిన ఏడాదిలోపే మీకు ఈ అవకాశం దాదాపు ఖాయంగా దొరుకుతుంది. ఎదిగిన బాల్ పైథాన్లు, ముఖ్యంగా మగవి, చలికాలంలో వారాలూ నెలలూ తిండి ముట్టకపోవడం కద్దు. ఒంట్లో బాగానే ఉంటుంది, బరువు పెద్దగా తగ్గదు, రాత్రిళ్ళు పెట్టెలో తిరుగుతుంది, నాలుక ఆడిస్తుంది. వేడి పెరిగే రోజులొచ్చాక ఏమీ జరగనట్టు ఎలుకను పట్టుకుంటుంది. డాక్టర్లు చెప్పేది ఇంతే: వంటింటి డిజిటల్ కాటా మీద డబ్బా పెట్టి, అందులో పామును పెట్టి, రెండు వారాలకోసారి గ్రాములు రాసుకోండి. 1,500 గ్రాముల పాము 1,350కి దిగిందంటే, అంటే బరువులో పదో వంతు పోయిందంటే, అప్పుడు తీసుకురండి. పిల్లపాము అయితే అంతదాకా కూడా ఆగకండి.

మీరు ఇవేవీ చెయ్యకూడదు. ఆ కాటా శనగపిండికి. పామును కొత్తల్లుడిలా చూసుకోండి: రెండు పూటలు తినకపోయేసరికి ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి, ఏం నచ్చలేదో కనుక్కోవాలి. రోజూ ఒక ఎలుకను ఫ్రీజర్లోంచి తీసి, కరిగించి, వెచ్చబెట్టి దాని మూతి ముందు ఊపండి. మూతి తిప్పుకుంటే తెల్ల ఎలుక బదులు నల్ల ఎలుక ఊపండి. చిరాకుపడిన పాము తినదనీ, పదిరోజులు దాని జోలికి పోకుండా ఉంటే ఎక్కువసార్లు అదే తింటుందనీ అనుభవం ఉన్నవాళ్ళు అంటారు. పదిరోజులు ఊరికే కూర్చోవడం మన రక్తంలో లేదు.

ఇంకా తినకపోతే బతికున్న ఎలుకను పెట్టెలో వదిలి దీపాలార్పేసి పడుకోండి. ఆకలి లేని పాముకు ఎలుక పట్టదు. రాత్రి రెండింటికి ఎలుకకు మాత్రం ఆకలేస్తుంది. పాము వీపు మీద పొలుసులు, చర్మం, కండ దాటి వెన్నెముక కనిపించేదాకా కొరుక్కుతిన్న ఎలుకల గురించి పాముల డాక్టర్లు చెబుతూనే ఉంటారు. తెల్లారి మీరు చూసేసరికి ఇద్దరిలో ఎవరో ఒకరి కడుపు నిండి ఉంటుంది కదా, అంతే కావాలి.

ఈ ఉపవాసం సాధారణంగా కార్తీకమాసం చుట్టుపక్కల మొదలవుతుంది. అంటే నాగుల చవితికి భీమవరం నుంచి వచ్చిన అత్తగారు ఇంట్లోనే ఉంటారు. "అమ్మాయ్, నోరులేని జీవం నెలరోజుల్నించీ పస్తుంటే మీకు ముద్దెలా దిగుతోందే? కాసిని పాలన్నా పొయ్యండి" అంటారు ఆవిడ. పోసెయ్యండి. పాముకు పాలు అరగవు. దాహంతో నాలుక ఎండిన పాము గిన్నెలో ఏది పోస్తే అది తాగుతుంది, ఆ తర్వాత కడుపు చెడుతుంది. దాహం వేసిందని కాకుండా భక్తి కుదిరిందని మీరు అర్థం చేసుకోవాలి. నీళ్ళగిన్నె తీసేస్తే పాలు ఇంకా బాగా తాగుతుంది.

(ఈ ముచ్చటంతా అమెరికాలోనే. ఇండియాలో నాగుపామునో జెర్రిపోతునో మన కొండచిలువనో పెంచుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. హైదరాబాద్‌లో ఇంట్లోకి పాము దూరితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకు ఫోన్ చేస్తారు, వాళ్ళొచ్చి పట్టుకుపోయి అడవిలో వదిలేస్తారు. ముఖం చూసి జబ్బు చెప్పే మన శాస్త్రానికి అక్కడ చోటు లేదు.)

తిన్నాక ఏం చెయ్యాలో కూడా చెప్పాలి. మింగిన వెంటనే బయటికి తీసి, వీకెండు భోజనానికొచ్చినవాళ్ళ మెడలో తలా కాసేపు వేసి ఫోటోలు దిగండి. తిన్న రెండు రోజులదాకా ముట్టుకోవద్దన్న నియమం ఫోటోలు దిగడం రానివాళ్ళు పెట్టింది. అది సగం అరిగిన ఎలుకను కార్పెట్ మీద కక్కేస్తే వాసన పోయేలా వెంటనే కడిగేసి, పాపం కడుపు ఖాళీ అయిపోయిందని ఆ సాయంత్రమే మరింత పెద్ద ఎలుకను పెట్టండి. కక్కినప్పుడు గొంతూ కడుపూ పుండు పడతాయనీ, పది పద్నాలుగు రోజులు ఆగి చిన్న ఎలుకతో మొదలెట్టాలనీ, రెండోసారి కూడా కక్కితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలనీ పద్ధతి తెలిసినవాళ్ళ మాట. మళ్ళీ మళ్ళీ కక్కుతూ నడుం దగ్గర ఉబ్బుతూ చిక్కిపోయే పాముల్లో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఉండొచ్చు. పేరు పలకడం కష్టం కనక దాన్ని వదిలేద్దాం.

కళ్ళు మసకబారితే

ఒకరోజు పొద్దున్నే కాఫీ కప్పుతో పెట్టె దగ్గరికి వెళతారు. నిన్నటిదాకా నల్లగా నిగనిగలాడిన కళ్ళు నీలం కలిసిన బూడిదరంగులోకి తిరిగి ఉంటాయి. ఒంటిమీద మచ్చలు వెలిసిపోయి, పొట్ట గులాబీ రంగు తేలి ఉంటుంది. గూట్లోంచి బయటికి రాదు, చెయ్యి పెడితే బుస్సుమంటుంది. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం ఊరుతోంది, అంతే. కొద్దిరోజుల్లో కళ్ళు మళ్ళీ తేటపడతాయి, ఆ తర్వాత మరికొన్ని రోజులకు మూతి దగ్గర చిట్లి, లోపలివైపు బయటికి తిరగబడుతూ, తోకదాకా ఒకే ముక్కగా కుబుసం ఊడొస్తుంది. పాము జీవితంలో ఇంతకన్నా మామూలు సంగతి మరొకటి లేదు.

కాబట్టి ఇక్కడే మీరు గగ్గోలు పెట్టాలి. దానికి శుక్లాలొచ్చాయని తేల్చండి. మీ నాన్నగారి ఆపరేషన్ తర్వాత మిగిలిన కంటిచుక్కలు ఫ్రిజ్‌లో ఉంటాయి, అవి వెయ్యండి. చూపు ఆనుతోందో లేదో చూడ్డానికి ముఖం ముందు చెయ్యి ఊపండి. ఆ రోజుల్లో దానికి సరిగ్గా కనపడదు, భయంతో కరిచినా కరుస్తుంది. కరిచిందంటే జబ్బు ముదిరిందని అర్థం చేసుకోండి.

అసలు తంటా ఇంకోచోట ఉంది, అక్కడ మీరు నిమ్మకు నీరెత్తినట్టు ఉండాలి. ఎయిర్ కండిషనరూ హీటరూ కలిసి ఇంట్లో గాలిని పీల్చేస్తాయి. తేమ 60 శాతం దగ్గర ఉండాల్సిన పెట్టెలో 30కి పడిపోతుంది. అప్పుడు కుబుసం పేలికలు పేలికలుగా ఊడుతుంది. తోక చివర ఒక వలయం మిగిలిపోతుంది. అది ఆరేకొద్దీ బిగుసుకుని రక్తం ఆపేస్తుంది, తోక కొస నల్లబడి రాలిపోతుంది. కంటిమీద పొర కూడా కుబుసంతోపాటే రావాలి. ఊడిన కుబుసంలో తలభాగాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే రెండు గుండ్రటి పారదర్శకమైన పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒకటే కనిపిస్తే రెండోది ఇంకా కంటిమీదే ఉందన్నమాట. మీరు ఇంత దూరం వెళ్ళకండి. కుబుసాన్ని చూడకుండానే చెత్తబుట్టలో వెయ్యండి. ఎవరైనా పొర మిగిలిందని చెబితే ట్వీజర్లు తీసుకుని లాగెయ్యండి. దాని కింద ఉన్నది కన్ను. తడిపిన నాచు డబ్బాలో పెట్టి ఓ రాత్రి ఉంచితే తనంతట తానే ఊడొచ్చే అవకాశం ఉంది గానీ, దానికి ఓ రాత్రి పడుతుంది కదా.

ఆవలింతా, ఆయాసమా

ఎలుకను మింగాక పాము నోరు బార్లా తెరుస్తుంది. పక్కకు జారిన దవడలను మళ్ళీ ఒకచోటికి తెచ్చుకుంటోంది. మొదటిసారి చూసినవాళ్ళకు గుండె జారుతుంది, వీడియో తీసి కనీసం నలుగురికి పంపించండి.

ఇప్పుడు రెండో దృశ్యం. రాత్రి పదకొండు దాటాక టీవీ కట్టేసి పెట్టె పక్కన నిలబడండి. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ "టిక్" మని ఒక చిన్న చప్పుడు. ముక్కుపుట దగ్గర ఒక బుడగ ఉబ్బి, పగిలి, మళ్ళీ ఉబ్బుతుంది. పెదవి కింద జిగట తీగలా సాగుతుంది. ఎలుక తిని వారం దాటినా నోరు కొద్దిగా తెరిచే ఉంటుంది, తల గోడకు ఆనించి పైకెత్తి పెట్టుకుంటుంది, దించితే ఊపిరాడదు కనక. ఇది ఊపిరితిత్తుల జబ్బు. పాముకు మనలాగా ఉదరవితానం లేదు, దగ్గి కఫాన్ని బయటికి తోసెయ్యలేదు, పేరుకున్నది లోపలే ఉండిపోతుంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కావాలి, అవి కూడా బరువును బట్టి డాక్టరు లెక్కకట్టి ఇవ్వాలి. ఒక్కోసారి మూలం బాక్టీరియా కూడా కాదు. బాల్ పైథాన్లలో ఇలాంటి జబ్బు వెనక నిడోవైరస్ ఒకటుందని 2014లో బయటపడింది.

మీరు మాత్రం "బుజ్జి గురక పెడుతోంది" అనాలి. ముద్దుగా ఉంటుంది. మరీ ఎక్కువైతే మనకు చేసేవే చెయ్యండి: విక్స్ రాయడం, ఆవిరి పట్టడం, గొంతులో పసుపు నీళ్ళు. విక్స్‌లోని కర్పూరం ఆ పెట్టెలో కమ్ముకుంటే దానికి మిగిలిన ఆ కాస్త ఊపిరీ కష్టమవుతుంది. కానీ ఇల్లంతా సొంతింటి వాసన వేస్తుంది.

ఈ జబ్బు ఎక్కువసార్లు చలితో మొదలవుతుంది. బాల్ పైథాన్ పెట్టెలో ఒక చివర దాదాపు 90 ఫారెన్‌హీట్, అంటే 32 సెల్సియస్, రెండో చివర 78-80 ఉండాలి, ఎటు కావాలంటే అటు వెళుతుంది. రెండు చివరలా రెండు డిజిటల్ థర్మామీటర్లు, హీటర్‌కు ఒక థర్మోస్టాట్ పెట్టాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచుతుఫానులో లక్షల ఇళ్ళకు కరెంటు పోయినప్పుడు ఆ రాష్ట్రంలో పాములు పెంచేవాళ్ళు వేడినీళ్ళ సీసాలు గుడ్డల్లో చుట్టి పెట్టెల్లో పేర్చుకోవాల్సొచ్చింది. మీకు ఇంత హంగామా అక్కర్లేదు. మీ అరచెయ్యి గాజుకు ఆనించి "వెచ్చగానే ఉంది" అనండి. మీరు భోంచేసి వచ్చిన చెయ్యి అది, వెచ్చగానే ఉంటుంది.

లేదా రెండో వైపుకు వెళ్ళండి: థర్మోస్టాట్ లేకుండా హీటింగ్ ప్యాడ్ పెట్టేసి వదిలెయ్యండి. కింద పొట్ట కాలుతున్నా పాము లేచి పోదు, అక్కడే పడుకునే ఉంటుంది. రెండ్రోజుల తర్వాత పొట్టమీద పొలుసులు ఎర్రబడి, బొబ్బలెక్కి, గోధుమరంగుకు తిరుగుతాయి. పామును ఎప్పుడూ తిప్పి చూడని ఇంట్లో ఇది కనపడదు.

భక్తి పారవశ్యం

కుతూహలంతో ఉన్న పాము తలను నిటారుగా ఎత్తి అటూ ఇటూ చూస్తుంది, నాలుక ఆడిస్తుంది, చూసి మళ్ళీ దించుకుంటుంది. ఇది ఆరోగ్యం. దీన్ని చూసి దూకబోతోందని కేకలు పెట్టండి. అదే పాము ఓ మధ్యాహ్నం నిటారుగా సాగి పడుకుంటే పిల్లాణ్ణి మింగడానికి కొలత తీసుకుంటోందని బంధువులెవరో ఫోన్లో చెబుతారు. ప్రపంచంలో ఏ పామూ అలా కొలత తీసుకోదు, ఎలుకను కూడా కొలవకుండానే మింగుతుంది. అయినా పిల్లాణ్ణి హాల్లో పడుకోబెట్టండి.

తల వెనక్కి విరుచుకుపోయి, గొంతు ఆకాశం వైపు తిరిగి, ఎంతసేపైనా అలాగే ఉండిపోతే అది వేరు. వెల్లకిలా తిప్పితే ఆరోగ్యంగా ఉన్న పాము క్షణాల్లో బోర్లా తిరుగుతుంది, ఇది తిరగలేదు, తిరగాలన్న ధ్యాసే ఉండదు. నరాల జబ్బు లక్షణాలివి. తల్లో ఇన్ఫెక్షన్ కావచ్చు, మరీ వేడెక్కడం వల్ల కావచ్చు, పురుగుమందు విషం కావచ్చు. బోవాలనూ పైథాన్లనూ పట్టే ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ కూడా కావచ్చు. దశాబ్దాలపాటు కారణం అంతుచిక్కని ఆ జబ్బుకు ఎరీనావైరస్‌లతో సంబంధముందని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చూపించారు. దానికి మందు లేదు, పాము నుంచి పాముకు అంటుతుంది. మీరు మాత్రం దాన్ని ధ్యానం అనుకోండి. అత్తగారు అప్పటికే చేతులు జోడించి ఉంటారు. ఒంటరితనంతో అలా అయిపోయిందేమోనని ఇంకో పామును కొని అదే పెట్టెలో తోడు పెట్టండి. కొత్తదాన్ని మూడు నెలలు వేరే గదిలో ఉంచి చూడమంటారు. ఇంట్లో ఉన్నదే మూడు గదులు.

కొన్న రోజు నుంచే తల వణుకుతుంటే అది స్పైడర్ అనే రకం కావచ్చు. ఒంటిమీది సాలెగూటి లాంటి డిజైను కోసం పెంచే జాతి. ఆ డిజైను ఇచ్చే జన్యువే తల నిలకడను కూడా చెడగొడుతుంది, మందుతో పోదు. దుకాణంవాడితో "కొంచెం ఊగుతోంది కదా, తగ్గించండి" అని బేరమాడొచ్చు.

నీళ్ళగిన్నె సంగతి

పాము రోజుల తరబడి నీళ్ళగిన్నెలో చుట్టుకుని కూర్చుంటే కార్తీక స్నానాలు చేస్తోందని సంబరపడండి. గిన్నె అడుగున గసగసాలంత నల్లచుక్కలు మునిగి కనిపిస్తే దుమ్మనుకోండి. చేత్తో ఒంటిమీద నిమిరితే అవే చుక్కలు మీ అరచేతిమీద నడుస్తాయి. పాముల రక్తం తాగే పురుగులవి, గవదకిందా కళ్ళచుట్టూ పొలుసుల సందుల్లో చేరతాయి. పాము మునిగి కూర్చున్నది వాటిని వదిలించుకోవడానికి. ఆ గిన్నెను అన్నం వండుకునే సింకులోనే కడగండి. సరీసృపాల ఒంట్లో సాల్మొనెల్లా ఉంటుందనీ, ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో వాటిని పెట్టుకోవద్దనీ అమెరికా సీడీసీ చెబుతుంది. సీడీసీ మన ఇంట్లో ఉండదు.

మగతోడు లేని మీ ఆడపాము గుడ్లు పెడితే మాత్రం పిల్లాణ్ణి నిలదీయండి. 2020 జులైలో సెయింట్ లూయిస్ జూలో అరవై ఏళ్ళు దాటిన బాల్ పైథాన్ ఒకటి ఏడు గుడ్లు పెట్టింది. కనీసం పదిహేనేళ్ళుగా దాని దగ్గరికి మగపాము రాలేదు. జూ వాళ్ళు ఎవరినీ నిలదీయకుండా గుడ్లను పరీక్షకు పంపారు, వాళ్ళ ఓపిక వాళ్ళది.

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు

మీ వీధిలోని కుక్కల డాక్టరు పాముల్ని చూడకపోవచ్చు. సరీసృపాలను చూసే డాక్టరు ఎక్కడున్నాడో ముందే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోవడం అపశకునం, కాబట్టి ఆదివారం రాత్రి మొదలెట్టండి. సోమవారానికి, గంటన్నర దూరంలో, ఒకావిడ దొరుకుతుంది. పామును అట్టపెట్టెలో వేసి, కారులో ఏసీ మీ వైపు తిప్పుకుని బయల్దేరండి. ఆవిడ అడుగుతుంది, తడుముకోకుండా చెప్పండి.

"ఎప్పట్నుంచి తినడం లేదు?"

"దీపావళికి ముందేనండీ... కాదు, థ్యాంక్స్‌గివింగా? పిల్లాడికి తెలుసు. వాడు స్కూల్లో ఉన్నాడు."

"అప్పుడు బరువెంత?"

"ఎత్తితే బాగానే ఉండేదండీ."

"పెట్టెలో వేడెంత?"

"మాకైతే ఉక్కగానే ఉంటుంది."

"కక్కిందన్నారు. తెచ్చారా? ఫోటో అయినా ఉందా?"

"అయ్యో, అంతా శుభ్రం చేసేశామండీ. పెట్టె కూడా ఫినాయిల్ పోసి కడిగాం."

ఫినాయిల్ అనగానే ఆవిడ రాయడం ఆపి ఒకసారి మీవైపు చూస్తుంది. అది పాములకు విషమని చెప్పబోయి, ముందు పని చూద్దామన్నట్టు పామును చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంటుంది.

"ఈ టిక్ టిక్ మనే చప్పుడు ఎన్నాళ్ళుగా ఉంది?"

"అదాండీ? అది మొదట్నుంచీ దాని అలవాటే."